కొత్త కోస్టర్‌లో సీట్లెన్ని, గంటకు ఎక్కేదెందరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కొత్త రోలర్ కోస్టర్ ప్రకటన వెలువడిన నాటి నుంచి దాని రైలులో ఎన్ని సీట్లుంటాయి, గంటకు ఎంతమంది ఎక్కగలరు అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వారి ప్రశ్నలను కలిపి ఒకే జవాబు రాశాను.

ప్రశ్న: పార్కు విడుదల చేసిన బొమ్మలో రైలు ముందు భాగం ఒక్కటే కనిపిస్తోంది. తయారీ సంస్థ పేరు కూడా చెప్పలేదు. మా మిత్రుల్లో సగం మంది వరుసకు ఇద్దరు చొప్పున 24 సీట్లని, మిగతావారు వరుసకు నలుగురు చొప్పున 32 సీట్లని వాదిస్తున్నారు. ప్రారంభోత్సవం దాకా ఆగకుండా దీన్ని తేల్చుకునే మార్గం ఉందా?

జవాబు: మీ మిత్రులు చెప్పిన రెండు అంకెలూ గాలిలోంచి పుట్టినవి కావు. అమెరికాలోని సీడార్ పాయింట్ పార్కులో 2018లో మొదలైన స్టీల్ వెంజెన్స్‌లోనూ, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 2021లో మొదలైన వెలాసికోస్టర్‌లోనూ వరుసకు ఇద్దరు చొప్పున రైలుకు 24 మంది కూర్చుంటారు. వరుసకు నలుగురు చొప్పున ఎనిమిది వరుసల్లో 32 మందిని కూర్చోబెట్టడం స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ సంస్థకు బాగా అలవాటైన పద్ధతి. 2013 నాటి గేట్‌కీపర్, 2015 నాటి ఫ్యూరీ 325 రెండూ అలాంటివే. అయితే వరుసకు ఇద్దరు అనగానే రైలు చిన్నదని అనుకోవడం మాత్రం పొరపాటు. 2000లో ప్రారంభమైన మిలీనియం ఫోర్స్‌లో తొమ్మిది బోగీలకు నలుగురు చొప్పున 36 మంది కూర్చుంటారు, అక్కడ కూడా వరుసకు ఇద్దరే.

ఇక తేల్చుకునే మార్గానికి వద్దాం. ప్రకటన బొమ్మను పక్కన పెట్టి నిర్మాణ స్థలం ఫోటోలను చూడమని నా సలహా. బొమ్మ గీసేవారికి రైలు అందంగా, వేగంగా కనిపించడం ముఖ్యం. ఒక బోగీ ఎక్కువైనా తక్కువైనా ఆ బొమ్మకు వచ్చే లోటేమీ లేదు. నేలమీద దిగిన ఉక్కుకు అటువంటి స్వేచ్ఛ ఉండదు. ట్రాకు అడుగున పెద్ద పెట్టె ఆకారపు వెన్ను, దానికి ఇరువైపులా రెండు గొట్టపు పట్టాలు కనిపిస్తే అది బోలిగర్ అండ్ మాబిలార్డ్ పనితనం కావచ్చు, అప్పుడు నాలుగు సీట్ల వరుసలకు అవకాశం పెరుగుతుంది. మొత్తం ట్రాకు ఒకే పట్టాగా ఉంటే రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ సంస్థ చేసే ఒంటిపట్టా కోస్టర్ గుర్తుకు రావాలి. అందులో ప్రయాణికులు ఒకరి వెనుక ఒకరుగానే కూర్చుంటారు. 2018 నాటి రైల్‌బ్లేజర్‌లో రైలుకు ఎనిమిది మంది, 2021 నాటి జెర్సీ డెవిల్ కోస్టర్‌లో పన్నెండు మంది ఎక్కుతారు.

అన్నిటికంటే నమ్మదగిన ఆధారం స్టేషన్‌లో దొరుకుతుంది. చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారం అంచున ఒక్కో వరుసకు ఒక్కో చిన్న గేటు బిగిస్తారు, రైళ్లు రాకముందే ఇవి కనిపించిన సందర్భాలు తక్కువేమీ కాదు. గేట్లు ఎనిమిది ఉంటే ఎనిమిది వరుసలు, పన్నెండు ఉంటే పన్నెండు వరుసలు అనుకోవచ్చు. గేట్లు ఇంకా బిగించకపోతే చివరి బ్రేకుల వరుస పొడవును చూడండి. రైలు మొత్తం ఆగి నిలబడవలసిన ప్రతి చోటా బ్రేకుల భాగం ఆ రైలుకు సరిపడేంత పొడవుండక తప్పదు కాబట్టి రైలు పొడవుకు అదొక కొలబద్ద. పేటెంటు చిత్రాలను చూపించి వాదించే వారి ఉత్తరాలు కూడా వచ్చాయి. ఎన్నడూ నిర్మించని ఆలోచనలకు కూడా సంస్థలు పేటెంట్లు తీసుకుంటాయి, కనుక గేట్ల లెక్కతో పోలిస్తే పేటెంటు బొమ్మకు నేనిచ్చే విలువ చాలా తక్కువ.

ప్రశ్న: 32 సీట్లు, మూడు రైళ్లు ఉంటే గంటకు 1,800 మంది ఖాయమని ఒక అభిమాని లెక్క వేశాడు. ఇది నిజమేనా? అసలు ఈ లెక్క ఎలా వేయాలి?

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గంటకు 3,600 సెకన్లు. ఒక రైలు స్టేషన్ నుంచి బయలుదేరిన క్షణానికి, దాని తరువాతి రైలు బయలుదేరే క్షణానికి మధ్య ఎన్ని సెకన్లు గడుస్తాయో తెలిస్తే, 3,600ను దానితో భాగించి, వచ్చిన దాన్ని సీట్ల సంఖ్యతో గుణించాలి. లెక్క ఇంతే. 1,800 మంది ఎక్కాలంటే 32 సీట్ల రైలు గంటకు 56 సార్లకు పైగా, అంటే దాదాపు ప్రతి 64 సెకన్లకు ఒకటి బయలుదేరాలి. ఆ 64 సెకన్లలోనే రైలు వచ్చి ఆగాలి, ప్రయాణికులను సీటుకు పట్టి ఉంచే బార్లు తెరుచుకోవాలి, 32 మంది దిగాలి, మరో 32 మంది ఎక్కి కూర్చోవాలి, సిబ్బంది ప్రతి బారునూ చేత్తో లాగి చూడాలి, రైలు కదిలి స్టేషన్ ఖాళీ చేయాలి. ఫ్యూరీ 325కు చెప్పే సామర్థ్యం గంటకు 1,470 మంది. వెనక్కి లెక్క కడితే ఇది 78 సెకన్లకు ఒక రైలు అవుతుంది, అది కూడా అన్నీ సక్రమంగా సాగినప్పుడు సాధ్యమయ్యే అంకె. కాబట్టి 1,800 అన్నది ఖాయం అనదగిన అంకె కాదు.

రైళ్ల సంఖ్య గురించిన అపోహే ఇక్కడ పెద్దది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రైలు స్టేషన్ వదిలి, తిరిగి స్టేషన్‌లోకి వచ్చేసరికి 150 సెకన్లు పడుతుందనీ, ప్రయాణికులు దిగి ఎక్కి తనిఖీ పూర్తయ్యేసరికి 90 సెకన్లు గడుస్తాయనీ, ఒక రైలు స్టేషన్ వదిలాక రెండోది లోపలికి వచ్చి ఆగడానికి మరో 20 సెకన్లు కావాలనీ అనుకుందాం. రెండు రైళ్లే ఉంటే 240 సెకన్ల చక్రాన్ని అవి పంచుకుంటాయి కాబట్టి 120 సెకన్లకు ఒక రైలు బయలుదేరుతుంది, గంటకు 960 మంది ఎక్కుతారు. మూడో రైలును చేర్చితే 80 సెకన్లకు ఒకటి బయలుదేరాలని కాగితం మీద అనిపిస్తుంది గాని, స్టేషన్‌కే 90, రాకపోకలకు 20 కలిపి 110 సెకన్లు కావాలి కదా. అంటే మూడో రైలు తన ప్రయాణికులతో సహా స్టేషన్ బయట బ్రేకుల మీద ఎదురుచూస్తూ నిలబడుతుంది. అప్పుడు దక్కే సామర్థ్యం గంటకు దాదాపు 1,047. కోట్ల విలువైన ఒక రైలు అదనంగా తిరిగినా గంటకు పెరిగింది సుమారు 87 మంది మాత్రమే.

ఇప్పుడు అదే కోస్టర్‌లో స్టేషన్ పనిని 90 నుంచి 55 సెకన్లకు తగ్గించగలిగారని అనుకోండి. రెండు రైళ్లతోనే గంటకు 1,120 మంది దాటుతారు, అంటే నెమ్మదిగా నడిచే మూడు రైళ్లకంటే ఎక్కువ. మూడో రైలును కూడా తిప్పితే 75 సెకన్లకు ఒకటి చొప్పున 1,536 మంది ఎక్కుతారు. స్టేషన్ చురుకుగా ఉన్న చోటే అదనపు రైలుకు ఫలితం ఉంటుందన్న సంగతి ఈ లెక్కలోనే ఉంది. అందుకే సీట్ల గురించిన ఊహాగానాల్లో ‘ఎన్ని’ అన్న దాని కంటే ‘ఎంత త్వరగా కూర్చోవచ్చు, ఎంత త్వరగా లేవవచ్చు’ అన్నదే నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఒడి మీదికి దిగే ఒక్క బారు ఉన్న సీటుకూ, భుజాల మీదుగా వచ్చే బారు, దానికి తోడు బెల్టు ఉన్న సీటుకూ మధ్య మనిషికి కొన్ని సెకన్ల తేడానే ఉంటుంది, కానీ రైలంతటికీ, రోజంతటికీ కలిపితే ఆ సెకన్లే క్యూ పొడవును నిర్ణయిస్తాయి. సంచులు, కళ్లద్దాలు, ఫోన్లు పెట్టుకోవడానికి ప్లాట్‌ఫారం మీద అరలు ఉన్నచోట అందరూ ఆ అరల చుట్టూ తిరగడంలోనే సమయం పోతుంది. వెలాసికోస్టర్‌లో ఈ పనిని స్టేషన్ నుంచి తప్పించారు. క్యూలో ముందే రెండు వైపులా తెరుచుకునే లాకర్లు పెట్టారు, ఎక్కబోయేవారు ఒక వైపు నుంచి వస్తువులు పెట్టి, దిగాక రెండో వైపు నుంచి తీసుకుంటారు. కొత్త కోస్టర్ విషయంలో నేను మొదట వెతకబోయేది ఈ లాకర్ల జాడనే.

ప్రశ్న: అయితే స్టేషన్ వేగంగా ఉంటే నాలుగు, ఐదు రైళ్లు కూడా నడపవచ్చు గదా?

జవాబు: ట్రాకు ఒప్పుకోవాలి. రైల్వేలో సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య ఒకే రైలు ఉండాలన్న నియమం లాంటిదే ఇక్కడా ఉంది. ట్రాకును బ్లాకులుగా విభజిస్తారు, ఒక బ్లాకులో ఒక రైలు ఉండగా మరొకటి ప్రవేశించకూడదు, ప్రతి బ్లాకు చివరా రైలును పూర్తిగా ఆపగల ఏర్పాటు ఉండాలి. స్టేషన్, రైలును కొండ మీదికి లాగే లిఫ్ట్, మధ్యలోని బ్రేకులు, చివరి బ్రేకులు కలిపి నాలుగు బ్లాకులుంటే, ముందుకు కదలడానికి ఎప్పుడూ ఒకటి ఖాళీగా ఉండాలి కాబట్టి మూడు రైళ్లే గరిష్ఠం. ఊరూరా తిరిగి ఉత్సవాల్లో నిలబెట్టే ఒలింపియా లూపింగ్‌ను 1989లో తొలిసారి ప్రదర్శించారు, అది 28 సీట్ల రైళ్లను ఐదింటి వరకు నడపగలదు. ఆ ఐదు రైళ్లకు తగిన బ్లాకులను మొదటి నుంచే లెక్కలోకి తీసుకొని కట్టారు. తరువాత రైలు కొనుక్కుంటే సరిపోయే విషయం కాదిది.

ప్రశ్న: కొత్త కోస్టర్‌లో మోటారు సైకిల్ మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చోవాలని వినిపిస్తోంది. మా అన్నయ్య ఎత్తుగా, బాగా లావుగా ఉంటాడు. ఇలాంటి సీట్లలో అతనికి చోటు దొరుకుతుందా? వీటివల్ల సామర్థ్యం కూడా తగ్గుతుందా?

జవాబు: రెండు సందేహాలూ సరైనవే. షాంఘై డిస్నీలాండ్‌లో 2016లో, ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2023లో మొదలైన ట్రాన్ కోస్టర్లను ఉదాహరణగా తీసుకోండి. వరుసకు రెండు చొప్పున ఏడు వరుసల్లో రైలుకు 14 మంది కూర్చుంటారు. ముందుకు వంగి కూర్చున్న మనిషిని వీపు వెనుక నుంచి ఒక మెత్త పట్టుకుంటుంది, కాళ్ల వెనుక మరో అడ్డు బిగుసుకుంటుంది. నడుము కంటే పిక్కల లావు దగ్గరే చాలామందికి ఇబ్బంది ఎదురవుతుంది, అది ముందుగా ఊహించలేనిది కాబట్టి వారికి నిరాశ కూడా ఎక్కువే. దీన్ని గుర్తించే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రైళ్ల చివర మామూలు కుర్చీ లాంటి సీట్లున్న బోగీని జత చేశారు. మీ అన్నయ్యగారి విషయంలో నా మాట ఒక్కటే: కొత్త కోస్టర్ ముందు నమూనా సీటు పెడితే, గంటసేపు క్యూలో నిలబడిన తరువాత కాకుండా అంతకు ముందే అందులో కూర్చుని చూడమనండి. క్యూ చివర, అందరి ఎదుటా వెనక్కి పంపించడం ఏ మనిషికీ జరగకూడదు. నమూనా సీటును ప్రవేశద్వారం దగ్గరే, కాస్త చాటుగా పెట్టడం పార్కుల బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

సామర్థ్యం విషయంలో 14 సీట్లనగానే నిరుత్సాహపడకండి. 2019లో మొదలైన హాగ్రిడ్స్ మోటార్‌బైక్ అడ్వెంచర్‌లో కూడా రైలుకు 14 మందే, ఏడు మోటారు సైకిళ్లు, వాటి పక్కన ఏడు తొట్టి సీట్లు. అక్కడ రైలు ఆగే బదులు మెల్లగా కదులుతూనే ఉంటుంది, దానితో సమానంగా కదిలే ప్లాట్‌ఫారం మీది నుంచి జనం ఎక్కి దిగుతారు. రైళ్ల సంఖ్య కూడా ఎక్కువే. చిన్న రైలును వెంటవెంటనే పంపే ఆలోచన కొత్తది కూడా కాదు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1975 నుంచి నడుస్తున్న స్పేస్ మౌంటెన్‌లో ఇప్పటి రైలుకు ఆరుగురే, కానీ ట్రాకులు రెండు. ఒకరి వెనుక ఒకరుగా కూర్చునే జెర్సీ డెవిల్‌లో నాలుగు రైళ్లు పెట్టడానికీ ఇదే కారణం. కాబట్టి మోటారు సైకిల్ సీట్ల వార్త నిజమైతే, ఆ వెంటనే అడగవలసిన ప్రశ్న కదిలే ప్లాట్‌ఫారం ఉందా లేదా అన్నది. అది లేకుండా 14 సీట్ల రైలును నిమిషంన్నరకు ఒకటి చొప్పున పంపితే గంటకు 560 మంది మాత్రమే ఎక్కుతారు.

పడుకున్న భంగిమలో ఎగిరినట్టు సాగే కోస్టర్లలో కూడా సీట్లను వంచి, లేపే పనికి సమయం పడుతుంది. అందుకే 2002లో ఇంగ్లాండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో మొదలైన ఎయిర్‌కూ, 2006 నాటి టాట్సూకూ రెండేసి ప్లాట్‌ఫారాలు కట్టారు. ఒక రైలు నిండుతుండగా రెండోది ఖాళీ అవుతుంది.

ప్రశ్న: వరుసకు ఎనిమిది లేదా పది సీట్లుంటాయన్న మాట నమ్మవచ్చా? అంత వెడల్పు ఎందుకు?

జవాబు: నిలువుగా కిందికి పడే కోస్టర్ అయితే నమ్మవచ్చు. 1998లో ఆల్టన్ టవర్స్‌లో మొదలైన ఒబ్లివియన్‌లో ఎనిమిదేసి సీట్ల వరుసలు రెండు, మొత్తం 16. 2005 నాటి షీక్రాలో ఎనిమిదేసి సీట్ల వరుసలు మూడు, మొత్తం 24. 2007 నాటి గ్రిఫన్‌లో పదేసి సీట్ల వరుసలు మూడు, మొత్తం 30. ఈ రకం కోస్టర్లలో రైలును లోయ అంచున కొన్ని క్షణాలు వేలాడదీసి ఆ తరువాత వదులుతారు. రైలు పొడుగ్గా ఉంటే ముందువారు అంచున వేలాడుతుండగా వెనుకవారు ఇంకా చదును మీదే ఉండిపోతారు, ఆ అనుభవం వారికి దక్కదు. అందుకే సీట్లను పొడవులో కాక అడ్డంగా పేర్చారు. వెడల్పు వల్ల చివరి సీట్లు ట్రాకు అంచుకు చాలా ఆవల గాలిలో ఉంటాయి, కాళ్ల కింద ఏమీ కనిపించదు. అవకాశం దొరికితే నేను ముందు వరుసలో చివరి సీటే అడుగుతాను.

ప్రశ్న: ముందు వరుస మంచిదా, వెనుక వరుస మంచిదా? రైలు పొడవును బట్టి ఇది మారుతుందా?

జవాబు: మారుతుంది, రైలు పొడుగైన కొద్దీ తేడా పెరుగుతుంది. రైలు మొత్తానికీ ఏ క్షణంలోనైనా వేగం ఒక్కటే. కొండ శిఖరాన్ని రైలు మధ్యభాగం దాటుతున్నప్పుడు ఆ వేగం అతి తక్కువగా ఉంటుంది. ముందు వరుసవారు శిఖరం దాటేటప్పటికి వెనుక బరువు వారిని ఇంకా లాగిపట్టే ఉంటుంది, కాబట్టి వారు అంచు నుంచి కిందికి తొంగిచూస్తూ నెమ్మదిగా దిగడం మొదలుపెడతారు. వెనుక వరుసవారు శిఖరం చేరేసరికి రైలులో చాలా భాగం అప్పటికే కిందికి దూసుకుపోతూ ఉంటుంది, ఆ లాగుడుకు వారు సీటులోంచి పైకి లేచిపోతారు. మిలీనియం ఫోర్స్ లాంటి 36 సీట్ల పొడవైన రైలులో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది, మూడు వరుసల రైలులో అంతగా తెలియదు. ట్రాకుకు ఇరువైపులా రెక్కల మీద కూర్చోబెట్టే కోస్టర్లలో ముందు వెనుకల కంటే లోపలి సీటు, బయటి సీటు అన్న తేడానే పెద్దది. రైలు పక్కకు దొర్లినప్పుడు బయటివారు పెద్ద వృత్తంలో తిరుగుతారు.

ప్రశ్న: రైలును ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు విసిరే లాంచ్ ఉంటుందంటున్నారు. దీనివల్ల క్యూ పెరుగుతుందా?

జవాబు: పెరిగే అవకాశమే ఎక్కువ. ఒక రైలు ఆ భాగంలో మూడుసార్లు అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ ఆ బ్లాకు దానిదే, రెండో రైలు బయట ఆగాలి. ఇలాంటి లాంచే ఉన్న, 2022లో మొదలైన పాంథియాన్‌లో రైలుకు 20 సీట్లే, దానికి ఈ ఎదురుచూపు తోడైతే గంటకు ఎక్కేవారి సంఖ్య సహజంగానే తగ్గుతుంది. అయినా ఇలాంటి లాంచ్ వద్దని నేను అనను. పొడవైన ట్రాకుకు స్థలం లేని పార్కులకు ఇది మంచి ఉపాయం, వెనక్కి వెళ్లే ఆ కొద్ది క్షణాలు ఎంతో బాగుంటాయి. సామర్థ్యంలో ఎంత వదులుకుంటున్నారో తెలిసి వదులుకుంటే చాలు.

ప్రశ్న: ముందుగా సమయం కేటాయించే వరుస, ఒంటరిగా వచ్చేవారి వరుస పెడితే సామర్థ్యం పెరుగుతుందా?

జవాబు: మొదటిదాని వల్ల పెరగదు, ఉన్న సీట్లనే వేరేగా పంచుతుంది. రెండోదాని వల్ల కొంత మేలు జరుగుతుంది. ముగ్గురు కలిసి వచ్చిన కుటుంబం నాలుగు సీట్ల వరుసలో కూర్చుంటే ఒకటి ఖాళీగా పోతుంది. అలా 32 సీట్ల రైలులో ప్రతిసారీ మూడు ఖాళీగా వెళితే, గంటకు 40 రైళ్ల లెక్కన 120 మంది చోటు వృథా అయినట్టే. ఒంటరిగా వచ్చినవారు ఆ ఖాళీలను నింపుతారు.

ప్రశ్న: ఇన్ని లెక్కలు చదివాక, ప్రారంభమైన మొదటి వారంలోనే వెళ్లాలా, ఆగాలా అన్న సందిగ్ధంలో పడ్డాను. మీరైతే ఏం చేస్తారు?

జవాబు: నేనైతే కొన్ని వారాలు ఆగుతాను. సిబ్బందికి చేయి తిరగడానికి కొంతకాలం పడుతుంది. మొదట్లో తక్కువ రైళ్లతో నడపడం, చిన్న లోపాలకు ఆపి సరిచేయడం మామూలే. మీరు వెళ్లిన రోజున మాత్రం క్యూలో చేరేముందు స్టేషన్ కనిపించే చోట నిలబడి గడియారం చూడండి. వరుసగా ఐదారు రైళ్లు బయలుదేరిన సమయాలు రాసుకుని వాటి మధ్య విరామాలకు సగటు కట్టండి. 32 సీట్ల రైలుకు ఆ సగటు 100 సెకన్లయితే గంటకు 36 రైళ్లు, అంటే 1,152 మంది. మీ ముందు సుమారు 600 మంది నిలబడి ఉంటే అరగంటకు కాస్త అటూ ఇటూగా మీ వంతు వస్తుంది. ముందుగా సమయం కేటాయించిన వరుస కూడా నడుస్తూ, అందులోంచి సగం సీట్లు నిండుతుంటే ఆ అరగంట గంట అవుతుంది. ఆ వరుస ఉందో లేదో ముందే చూసుకుని క్యూలో చేరండి.